మోకాళ్ళ నొప్పి గలవారి సాక్ష్యము: వైద్య మండళ్ళ అధ్యక్షులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వైద్య మండళ్ళ అధ్యక్షులకు,

ఆర్యులారా,

కొన్ని సంవత్సరములుగా మన నగరములందును, క్రమముగా జిల్లా కేంద్రములందును, మోకాళ్ళ అరుగుదలకు పీఆర్‌పీ (ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా) అను ఇంజెక్షను విరివిగా వాడుకలోనికి వచ్చినది. దానిని గురించి వైద్యులు సభలలో ప్రసంగించుచున్నారు. ఆసుపత్రులు ప్రకటనలు వేయుచున్నవి. పరిశోధకులు తమ పత్రికలలో వాదించుకొనుచున్నారు. ఆ సూదిని తమ మోకాటిలో వేయించుకొని, దానికి తమ చేతి సొమ్ము చెల్లించి, దాని ఫలమునో నిష్ఫలతనో తమ దేహముతో అనుభవించుచున్నవారిని మాత్రము, వారు వైద్యుని గది దాటి వెలుపలికి వచ్చిన పిదప, ‘నీకెట్లున్నది?’ అని అడుగువారు అరుదు. నేను వైద్యుడను గాను. మోకాళ్ళ అరుగుదలతో చాలకాలముగా కాలక్షేపము చేయుచున్న విశ్రాంత ఉపాధ్యాయుడను. ఫిజియోథెరపీ కేంద్రములో బల్లలపైనను, ఆసుపత్రి వరండాలలోను నా ప్రక్కన కూర్చున్నవారు చెప్పిన మాటలను విని, వానిని పరిశోధనల ఫలితములతో సరిచూచుకొనిన మీదట, మీ సముఖమున ఉంచదగిన విన్నపమొకటి నాకు తోచినది.

చికిత్సాక్రమము మీకు తెలియనిది కాదు. ఇతర పాఠకుల కొరకు సంగ్రహముగా చెప్పెదను. రోగి చేతినుండి రక్తము తీసి, సెంట్రిఫ్యూజ్ అను యంత్రములో వేగముగా త్రిప్పినచో ఎర్రకణములు అడుగునకు చేరి, ప్లేట్‌లెట్లు అధికముగా గల పసుపువన్నె ద్రవము పైన నిలుచును. డెంగీ జ్వరముల మూలమున ప్లేట్‌లెట్ల లెక్క మన ఇండ్లలో పిల్లలకు సైతము పరిచితమే. ఆరోగ్యవంతుని రక్తములో మైక్రోలీటరుకు 1.5 లక్షలు మొదలు 4.5 లక్షల వరకు ఉండు ఆ కణములు ఈ ద్రవములో తరచుగా మూడు మొదలు ఐదు రెట్లు సాంద్రములగును. గాయము మానుటకు తోడ్పడు ప్రోటీనులు వాని గర్భమున నిక్షిప్తమై యుండుటచేత, వానిని కీలులోనికి ఎక్కించినచో అందలి వాపును నొప్పియు ఉపశమించునని వైద్యుల ఆశ. ఆ ఆశకు శాస్త్రాధారము కొంత కలదు. నిస్సంశయమైన నిరూపణము ఇంకను లేదు.

రోగులు ఈ చికిత్స వైపునకు ఏల మొగ్గుచున్నారో తెలిసికొనక వారి అభిప్రాయములను తూచుట న్యాయము కాదు. అనేకులకు మొదటి కారణము మోకాలి చిప్పల మార్పిడి ఆపరేషను వలని భయము. “మా అత్తగారు ఆపరేషన్ చేయించుకుని ఆరునెలలు మంచం దిగలేదండీ, నాకు ఆ మాటెత్తితేనే వణుకు” అని ఒక గృహిణి నాతో చెప్పినది. ఆ శస్త్రచికిత్స వలన సుఖముగా నడచుచున్నవారు వేలకొలది ఉన్నారని చెప్పినను, కంటితో చూచిన ఒక్క కష్టము ఆమె మనస్సున నాటుకొని యున్నది. రెండవది, నొప్పి మాత్రలను గూర్చిన శంక. మధుమేహము, రక్తపోటు ఉన్నవారికి ఆ మాత్రలు మూత్రపిండములకు చేటని వైద్యులే హెచ్చరించుచున్నారు గదా! స్టెరాయిడ్ ఇంజెక్షనును గూర్చియు ఇట్టి జంకే కలదు. అది వట్టి అపోహయు కాదు, ఏలయన అమెరికాలో 140 మందిపై రెండేండ్లు జరిపి 2017లో ప్రకటించిన పరీక్షలో, మూడునెలల కొకసారి స్టెరాయిడ్ తీసికొన్నవారి కీలులోని మృదులాస్థి, సెలైన్ అను వట్టి ఉప్పునీరు తీసికొన్నవారి కంటె ఎక్కువగా తరిగినదనియు, నొప్పి విషయమున చెప్పుకోదగిన భేదము లేదనియు తేలినది. ఇన్ని భయముల నడుమ నిలిచిన రోగితో, ‘కోత లేదు, కుట్లు లేవు, నీ రక్తమే నీకు మందు’ అని ఎవరైన అన్నచో, ఆ మాట ఎంత చల్లగా తగులునో ఊహించుట కష్టము కాదు. “మన రక్తం మనకే ఎక్కిస్తారు, అందులో భయపడటానికి ఏముంది సార్?” అను మాట నేను పలువురి నోట వింటిని.

వీరిలో అందరికంటె నిస్సహాయులు ఏబది ఏండ్ల ప్రాయమున ఉన్నవారు. చిప్పల మార్పిడికి ‘ఇంకా వయసు చాలదు’ అని పంపివేయబడి, మాత్రలతో ఎన్నాళ్ళో గడుపలేక, కుటుంబ భారము మోయుచు నిలబడి పనిచేయవలసినవారు వీరు. మంగళగిరి ప్రాంతమునుండి వచ్చిన ఒక చేనేత కార్మికుడు, గుంటమగ్గములో రోజంతయు కాళ్ళతో తొక్కుచు నేయువాడు, “మగ్గం దిగితే ఇంట్లో పొయ్యి వెలగదు, మగ్గం ఎక్కితే మోకాలు ఊరుకోదు” అనెను. అతనికి కావలసినది నూరేండ్ల స్వస్థత కాదు. కూతురి పెండ్లి వరకు కొన్ని సంవత్సరముల పని. అట్టివానికి పీఆర్‌పీ ఆరునెలల ఉపశమనము నిచ్చినను అది చిన్న విషయము కాదని నేను హృదయపూర్వకముగా నమ్ముచున్నాను. కనుక ఈ చికిత్సను నిషేధింపుడని కోరుటకు నేను ఈ లేఖను వ్రాయుట లేదు.

ఇక ఫలితములను గూర్చి వారు చెప్పు మాటలు. ఆర్టీసీలో బస్సు నడిపి పదవీ విరమణ చేసిన ఒకరు, మూడు ఇంజెక్షనుల తరువాత మేడమెట్లు ఎక్కి తన పడకగదికి మరల పోగలుగుచున్నానని సంతోషముతో చెప్పిరి. మరియొకామె ఆరునెలలు హాయిగా నడచితిననియు, పిదప “మళ్ళీ మొదటికొచ్చింది” అనియు చెప్పినది. ఇంజెక్షను వేసిన మూడుదినములు మోకాలు ఉబ్బి భరింపరాని నొప్పి వచ్చినదనియు, అట్లు జరుగునని తనకు ముందుగా ఎవరును చెప్పలేదనియు ఒకరి ఫిర్యాదు. ఏ మార్పును లేదని చెప్పినవారును ఉన్నారు. ఇవియన్నియు సత్యములే. నొప్పి తగ్గినదని చెప్పువానితో ‘లేదు, నీకు తగ్గలేదు’ అనుటకు లోకములో ఎవ్వరికిని అధికారము లేదు. నొప్పికి రోగి తప్ప వేరొక సాక్షి లేడు.

అయినను ఆ సాక్ష్యము ఎంతవరకు చెల్లును? నొప్పి తగ్గుట ఒక విషయము. దేనివలన తగ్గినదను ప్రశ్న వేరొకటి. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్, సిడ్నీ నగరములలో ఏబది ఏండ్లు దాటి స్వల్ప, మధ్యమ స్థాయి అరుగుదల గల 288 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమునకు వారమున కొకటి చొప్పున మూడు పీఆర్‌పీ ఇంజెక్షనులను, రెండవ భాగమునకు అదే రీతిగా సెలైనును ఇచ్చిరి. ఎవరికి ఏది వేయబడినదో రోగికి గాని, సూది వేసిన వైద్యునికి గాని తెలియనీయలేదు. 2021లో ఫలితములు వెలువడినవి. ఏడాది గడచిన పిదప, సున్న నుండి పది వరకు గల నొప్పి కొలబద్దపై పీఆర్‌పీ వారికి 2.1, సెలైన్ వారికి 1.8 తగ్గినది, ఆ స్వల్పభేదము యాదృచ్ఛికమై యుండవచ్చునని గణితము తేల్చినది. ఎమ్మారై తీసి కొలువగా మోకాటి లోపలి వైపు మృదులాస్థి పీఆర్‌పీ వారిలో నూటికి 1.4 వంతు, సెలైన్ వారిలో 1.2 వంతు తరిగి యుండెను. సెలైన్ వేయించుకొన్నవారు అబద్ధమాడలేదు. వారికి నిజముగనే నొప్పి తగ్గినది. మోకాలి నొప్పి స్వభావముచేతనే హెచ్చుచు తగ్గుచు నుండును. అది మిక్కిలి హెచ్చిన దినములలోనే మనము వైద్యుని గడప తొక్కుదుము. తరువాతి తగ్గుదలలో కొంత చికిత్స లేకున్నను వచ్చియుండెడిదే. దానికి తోడు వైద్యుని ఆదరణము, ఆశ, చికిత్స జరిగినదను నిశ్చింత తమ వంతు తాము చేయును. హ్యూస్టన్ నగరములో 180 మంది మోకాలి రోగులపై జరిపి 2002లో ప్రకటించిన పరీక్షలో, చర్మముపై గాట్లు మాత్రము పెట్టి లోపల ఏమియు చేయక విడిచినవారును, కీలులోనికి అంతర్దర్శిని గొట్టము పంపి నిజముగా శుభ్రము చేయించుకొన్నవారును సమానముగనే మెరుగుపడినట్లు తేలినది గదా!

ప్రతిపక్షమును దాచుట తగదు. మన చండీగఢ్‌లోని పీజీఐ వైద్యసంస్థలో, రెండు మోకాళ్ళయందును ప్రారంభదశ అరుగుదల గల 78 మందిపై జరిపి 2013లో ప్రకటించిన పరీక్షలో పీఆర్‌పీ సెలైను కంటె స్పష్టముగా మేలుచేసినది. రెండు మూడు వారములలో మొదలైన గుణము ఆరునెలలకు కొంత సన్నగిల్లినను నిలిచియుండెను. ఆస్ట్రేలియా పరీక్షలో వాడిన ద్రవమునందు ప్లేట్‌లెట్లు తగినన్ని లేవని విమర్శించినవారును ఉన్నారు. పెద్ద సంస్థల అభిప్రాయములును ఏకముగా లేవు: అమెరికా కీళ్ళవాత వైద్యుల సంఘము మోకాలి అరుగుదలకు దీనిని వాడవద్దని 2020లో గట్టిగా చెప్పగా, అదే దేశపు ఎముకల శస్త్రవైద్యుల సంఘము నొప్పి తగ్గవచ్చునని, పరిమితమైన ఆధారముతో, 2021లో పలికినది. ఇంగ్లండులో చికిత్సలకు మార్గదర్శకములు వెలువరించు నైస్ సంస్థ 2019లో, పెద్ద ప్రమాదములు కనబడలేదు గాని గుణమును గూర్చిన ఆధారములు నాణ్యములు కావనియు, కావున రోగికి సందిగ్ధతను తెలిపి సమ్మతి పొంది, ఫలితములను నమోదు చేయుచు మాత్రమే వాడవలెననియు నిర్దేశించినది. ఈ చివరి మార్గమే నాకు వివేకవంతముగా తోచుచున్నది.

ఈ వాదములన్నిటి మూలమున ఒక లోపము కలదు. పీఆర్‌పీ అను ఒకే పేరు క్రింద ఒక్కొక్క చోట ఒక్కొక్క ద్రవము రోగి కీలులోనికి పోవుచున్నది. తీసిన రక్తమెంత, యంత్రమును ఒకసారి త్రిప్పిరా రెండుసార్లు త్రిప్పిరా, తెల్లకణములను వడగట్టిరా ఉంచిరా, తుదకు సిద్ధమైన ద్రవములో ప్లేట్‌లెట్ల లెక్క యెంత, ఇవి యేవియు రోగికి తెలియవు. నేను చూచిన బిల్లులలోను, డిశ్చార్జి కాగితములలోను ‘పీఆర్‌పీ ఇంజెక్షను’ అను మాట, దానికెదురుగా రూపాయల మొత్తము తప్ప మరేమియు లేవు. పదిరూపాయల జ్వరపు మాత్రపై మోతాదు అచ్చువేయబడి యుండగా, వేలకొలది రూపాయలు పోసి కొన్న ఈ మందు మోతాదేమో కొన్నవానికి తెలియకుండుట సమంజసమా? 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారము రికార్డులను మూడేండ్లు భద్రపరుపవలెను. రోగి అడిగినచో 72 గంటలలో ఈయవలెను. అడుగు హక్కు మాకు కలదు. అయితే రికార్డులోనే లెక్క లేనప్పుడు అడిగి పొందునదేమి?

అన్నింటికంటె నన్ను కలత పెట్టినది వేరొక విషయము. గుణము కలుగనివారు ఆ వైద్యుని వద్దకు మరల పోరు. “ఏమీ తేడా లేదు, ఇంక ఆయన దగ్గరికి వెళ్ళలేదు” అను మాటను నేను వినని వారము అరుదు. కొందరు మొగమాటముచేత పోరు: ఆదరముతో చూచిన డాక్టరుగారికి ‘మీ మందు పనిచేయలేదు’ అని ఎదురుగా చెప్పుట మన సంస్కారమునకు కష్టము. కొందరు డబ్బు చాలక పోరు. కొందరు వేరొక వైద్యుని, వేరొక పద్ధతిని వెదకికొనుచు పోవుదురు. తిరిగి వచ్చి చేతులు పట్టుకొని కృతజ్ఞత చెప్పువారు గుణము కలిగినవారే. ఇట్లుండగా వైద్యుడు మిక్కిలి నిజాయితీపరుడైనను, తన కన్నుల ఎదుట కనబడువారిని బట్టి తన చికిత్స నూటికి తొంబది పాళ్ళు ఫలించుచున్నదని భావించుట సహజము. అట్లు భావించి తరువాతి రోగికి చెప్పుట ఇంకను సహజము. ఇందులో మోసమేమియు లేదు. తిరిగిరాని వారి మౌనము మాత్రమున్నది. ఆ మౌనము లెక్కకు ఎక్కనంతవరకు, ప్రకటనలలో కనబడు సంతృప్త రోగుల వీడియోలు ఎన్ని వేసినను, రోగుల అభిప్రాయము మనకు తెలిసినట్లు కాదు.

తెలిసికొనుటకు ఏమి అడుగవలెనను విషయమున ఒక మాట. ప్రపంచమంతట మోకాలి పరీక్షలలో విరివిగా వాడబడు ‘వోమాక్’ అను ప్రశ్నావళి కెనడాలో పుట్టినది. అందు 24 ప్రశ్నలు గలవు: నొప్పిని గూర్చి 5, బిగుసుకొనిపోవుటను గూర్చి 2, దైనందిన కార్యములను గూర్చి 17. ఆ పదునేడింటిలో మేజోళ్ళు తొడుగుకొనుట, మేజోళ్ళు విడుచుట, కారు ఎక్కి దిగుట, స్నానపు తొట్టిలోనికి దిగుట ఉన్నవి. మన తల్లులను, తాతలను బాధించు ప్రశ్నలు వేరు. నేలపై బాసింపట్టు వేసికొని కూర్చుని మరల ఎవరి చేయియు పట్టుకొనక లేవగలరా? గొంతుకూర్చుండి వాకిట ముగ్గు పెట్టగలరా? వరినాట్ల కాలమున బురదలో కాలు తీసి కాలు వేయగలరా? నమాజులో మోకాళ్ళపై వంగగలరా? ఊరిలోని పాతపద్ధతి మరుగుదొడ్డిని వాడగలరా? ఈ చివరి దానిని నలుగురిలో చెప్పుటకు సిగ్గుపడి, బంధువుల పెండ్లిండ్లకు పోవుటయే మానుకొన్న వృద్ధులను నేనెరుగుదును. పూణేలోని ఒక కీళ్ళవాత వైద్యకేంద్రము ఆ ప్రశ్నావళిని భారతీయుల జీవనమునకు అనుగుణముగా ఏనాడో సవరించినది. మన తెలుగు జిల్లాల పలుకుబడిలో, చదువురాని వారికిని అర్థమగునట్లు అట్టి ప్రశ్నలు కూర్చుట అసాధ్యమైన కార్యము కాదు. ఒక్క నేలపై కూర్చుండుట అను ప్రశ్నకు సమాధానము దొరకినను, ఆ చికిత్స వలన మా జీవితము మారినదో లేదో చాలవరకు తేలిపోవును.

కావున నేను కోరునవి ఇవి. మొదటిది, ఇంజెక్షను వేయు దినముననే హడావుడిగా సంతకము చేయించు ఆంగ్ల కాగితమునకు బదులు, కొన్నినాళ్ళు ముందుగా రోగి ఇంటికి తీసికొనిపోయి తనవారితో కలిసి చదువుకొనదగిన తెలుగు సమ్మతిపత్రమొకటి మీ మండళ్ళ పక్షమున వెలువడవలెను. సమీరా కోహ్లీ కేసులో 2008లో సర్వోన్నత న్యాయస్థానము, చికిత్స స్వరూపము, ప్రయోజనము, ప్రత్యామ్నాయములు, ప్రమాదములు తగినంతగా తెలిపిన పిదప ఇచ్చిన సమ్మతియే సమ్మతియని తీర్మానించియున్నది. ఆ తీర్పు ఈ సూదికిని వర్తించును. ఆ పత్రములో, కొన్ని పరీక్షలలో గుణము కనబడినదనియు, కొన్నిటిలో సెలైనునకు దీనికి భేదము లేకపోయెననియు, అరిగిన గుజ్జు, అనగా మృదులాస్థి, తిరిగి పెరుగునని చెప్పుటకు తగిన ఆధారము లేదనియు, ఎక్స్‌రేలో నాలుగవ స్థాయికి చేరిన అరుగుదలకు దీనివలన ఆశింపదగినది స్వల్పమనియు, తరువాతి దినములలో వాపు నొప్పి రావచ్చుననియు సూటిగా వ్రాయవలెను. తొడకండరముల వ్యాయామము, బరువు తగ్గుట అను మార్గములను రోగి ముందుగా ప్రయత్నించెనా అని అడుగవలెను. దేహపు బరువు ఒక కిలో తగ్గినచో ప్రతి అడుగునకు మోకాటిపై పడు భారము నాలుగు కిలోలు తగ్గునని నిర్ధారింపబడియుండగా, ఆ మార్గమును చూపక సూదిని చూపుట క్రమము కాదు. ఖర్చు మొత్తము, ఎన్ని ఇంజెక్షనులు కావలసివచ్చునో సహా, ముందుగనే తెలియవలెను. ఫీజులను బోర్డుపై ప్రదర్శింపవలెనని 2002 నియమావళియే చెప్పుచున్నది.

రెండవది, ఎక్కించిన ద్రవపు పరిమాణము, అందలి ప్లేట్‌లెట్ల లెక్క, తెల్లకణములు ఉన్నవో లేవో రోగి కాగితముపై వ్రాసి ఈయవలెను. మూడవది, నా దృష్టిలో మిక్కిలి ముఖ్యమైనది: ఆరవ నెలలోను, పండ్రెండవ నెలలోను, సూది వేసిన వైద్యుడు కాక వేరొకరు, ప్రతి రోగికి ఫోను చేసి, తిరిగి వచ్చినవారిని రానివారిని సమానముగా, పైన చెప్పినట్టి ప్రశ్నలు అడిగి సమాధానములను నమోదు చేయవలెను. మన ప్రభుత్వ వైద్య కళాశాలలలో సామాజిక వైద్య విభాగములు, ఎముకల వైద్య విభాగములు ఉన్నవి; ఒకటి రెండు జిల్లాలలో ప్రారంభించిన చాలును. ఇట్లు లెక్క పెట్టుట వలన పీఆర్‌పీ నిజముగా మేలుచేయుచున్నదని తేలినచో నాకంటె సంతోషించువారు ఉండరు. అప్పుడు పేదవానికి దానిని ప్రభుత్వ వ్యయముతో ఈయుమని అడుగుటకు మాకు బలము కలుగును. తేలనిచో, అప్పుచేసి మూడవ సూదికి సిద్ధపడుచున్న వానికి ఆ అప్పు తప్పును.

గుజ్జు తిరిగి పుట్టించెదమని బోర్డులపై వ్రాయించుచున్న వారి విషయమున, వైద్యులు రోగులను ఆకర్షించుటకు ప్రకటనలు చేయరాదను నిబంధనను అమలుపరచు అధికారము మీకు కలదు. దానిని వాడుడని వేరుగా ప్రార్థింప నక్కరలేదని తలంచుచున్నాను.

తెలుగు సమ్మతిపత్రము ముసాయిదా తయారైన నాడు, దానిని చదివి ఏ వాక్యము అర్థమైనది, ఏది కాలేదు, ఏ ప్రశ్న మా బాధను పట్టుకొన్నది, ఏది వదలివేసినది చెప్పుటకు మాలో పలువురు సిద్ధముగా ఉన్నారు: నేతపనివారు, గృహిణులు, కూలీలు, పింఛనుదారులు. మీ కార్యాలయమునకు రమ్మన్నను వత్తుము. మెట్లు తక్కువగా ఉన్న గదిలో సమావేశము ఏర్పాటు చేయింపుడని మాత్రము మనవి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు